మూడు వేళ్ళు

మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి.
పులలుయన్‌కి ఒకటిన్నర పట్టింది.
రెండో వేలు పళ్ళ దగ్గరే ఆగి
గడప దాటని చుట్టంలా నిలబడింది.

ఇరవై ఆరేళ్ళు పింగ్‌తుంగ్ నుంచి తైపేకి
అనాసపళ్ళ లారీ.
కునుకు రాకుండా దవడలో వక్క, సున్నం;
తెల్లారేసరికి పెట్టె ఖాళీ.
"పంటి బిగువున లాక్కొచ్చా డాక్టర్" అన్నాడు.
ఇప్పుడా బిగువొక్కటే మిగిలింది.

బుగ్గలోంచి బియ్యపు గింజంత ముక్క తీశాను.
రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడితే
పై పొర పలచబడి, పాత గోడ సున్నంలా.
దాని కింద నార.
నార మీద నార.
మధ్యలో నలిగిన రక్తనాళాలు.

"ఇందులో తప్పు చేసిన కణమేది? చూపించు."

ఏదని చూపించను?
తప్పు ఒకరిది కాదు, ఇద్దరి మధ్య మాటది.

మీ అమ్మ కడుపులో ఆరో వారం.
నీకింకా మొహమే సరిగ్గా రాలేదు.
పై పొర కాస్త మందమెక్కి
కింది కణాలతో గుసగుసగా అంది: ఇక్కడ.
అవి చుట్టూ మూగాయి.
కొన్నాళ్ళకి విన్నవాళ్ళే చెప్పేవాళ్ళయ్యారు,
కబురు కిందినుంచి పైకొచ్చింది:
ఇది కొరికే పన్ను, ఇది నమిలేది,
ఇక్కడ ఇక చాలు, ఆగు.
ఆ 'ఆగు' దగ్గరే పంటికి మొన తేలింది.

ఆ పాత మాటలే ఇవాళ్టికీ
ఇరుగుపొరుగు మధ్య తిరుగుతుంటాయి.
గాయమైతే పై పొర పిలుస్తుంది,
కింది కణం వచ్చి నాలుగు పోగులు నేసి పోతుంది.
వక్క రోజూ గీరింది.
రోజూ పిలుపే.
వచ్చిన నేతగాడు ఇంటికి పోలేదు.
'ఆగు' అనాల్సిన గొంతు
నారలోనే కూరుకుపోయింది.

రేపు ఏ మూలనో ఒక కణం కట్టు తప్పితే
పొరుగువాళ్ళు దానికీ చోటిస్తారేమో.
ఆ ముక్క అతనితో అనలేదు.
వక్క మానెయ్యమన్నాను,
మూడు నెలలకోసారి రమ్మన్నాను.

గుమ్మం దగ్గర మనవరాలు మువకాయ్
ఊగే పాలపన్నుని నాలుకతో తోస్తోంది.
లోపల కొత్తది వస్తోందని తెలిసి
పాతదాని వేరు కరుగుతోంది.
ఎవరూ అరవకుండానే జరిగిపోయే బేరం.

పులలుయన్ టోపీ పెట్టుకున్నాడు.
"మా తాత వెదురు వేణువు ముక్కుతో ఊదేవాడు," అన్నాడు
సగం తెరిచిన నోటితో.
"నేనే నేర్చుకోలేదు. దానికి నోటితో పనే లేదు."

అతని నవ్వు పెదాల దాకా రావడానికి
చాలాసేపు పట్టింది.

ఈలోగా పిల్ల
తన మూడు వేళ్ళు తన నోట్లో పెట్టి చూసుకుంది.
ఇంకా బోలెడు చోటుంది.