అర అంగుళం

గ్రీమ్స్‌పేట వెనక రేకుల షెడ్డు.
మార్గశిరం, తెల్లారి ఐదున్నర.
స్టీరింగు మీద మంచు తడి.
రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు,
అందులో మూడు కుట్లు నావే.
డాష్‌బోర్డు కింద నల్లటి పిడి ఒకటి,
దాని మీది అక్షరం అరిగిపోయింది
నాకు ముందు ఎవరెవరి బొటనవేళ్లకో.

జిలానీ మేస్త్రి చెప్పినట్టే లాగుతాను:
మొత్తం. మొహమాటం లేకుండా.
లోపల ఎక్కడో తీగ గరగరమంటుంది
చీటీపాటలో పెద్దాయన గొంతు సవరించుకున్నట్టు.
యాక్సిలరేటర్ జోలికి పోకు.
తాళం తిప్పు. గమ్మునుండు. విను.

"చోక్ అంటే గొంతు నొక్కేదనుకుంటారు సార్ అందరూ.
ఈ బండిలో అట్ట కాదు.
కింద జెట్టు రవ్వంత దిగతాది,
పెట్రోలు చిక్కంగా పోతాది,
చలికి వణికే బిడ్డకి ఇంకో గుక్క తాపినట్టు.
మరీ తాపితే ఏమవతాదో
పిల్లల్ని సాకినోళ్లకి నేను చెప్పల్లా?"

నేను సాకలేదు.
ఆ మాట ఆయనతో అనలేదు.

అందుకుంది.
రేకులన్నీ ఒక్కసారిగా అదిరాయి.
ఎదురింటి కుక్క లేచి, నన్ను చూసి,
నువ్వేనా అన్నట్టు మళ్లీ పడుకుంది.
పిడి సగం లోపలికి నెట్టాను.
మిగతా సగం దారిలో, అనుకున్నాను.

బంగారుపాళెంలో టీ అంగడి ముందు
గ్లాసులు పట్టుకునే లేచి నిలబడ్డారు జనం.
ఒక పిల్లోడు చెయ్యూపాడు.
నేనూ ఊపాను, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి,
పిడి మీద ఉండాల్సిన చెయ్యి కూడా.

మొగిలి ఘాట్‌లో మూడో మలుపు.
దగ్గు. ఇంకో దగ్గు. వెనక నల్లటి పొగ.
తర్వాత
గాలి చప్పుడు మాత్రమే.

తాళం తిప్పాను, తిప్పాను,
తిప్పేకొద్దీ ముక్కు పగిలే పెట్రోలు వాసన.
పాల వ్యాన్ ఆపి దిగాడు మునిరత్నం,
పేరు తర్వాత చెప్పాడు.
బానెట్ ఎత్తకుండానే వాసన పట్టాడు.
"తాగి పడిపోయింది సామీ. లేపొద్దు.
ఒక బీడీ సేపు వదిలేయి."
ఆ బీడీ యాభై అడుగులు అవతలికి పోయి,
బండికి వీపు తిప్పి కాల్చుకున్నాడు.

అంతసేపూ చెయ్యడానికి ఏమీ లేదు నాకు.
ఏమీ చెయ్యకపోవడం ఇంత పెద్ద పనని
నలభై ఏడేళ్లకు తెలిసింది.
గ్రానైటు రాయి మోసుకుంటూ ఒక లారీ
మూలుగుతూ ఎక్కిపోయింది.
కొండ మీది మంచు
ఎవరూ నెట్టకుండానే వెనక్కి జరిగింది.

పిడి పూర్తిగా లోపలికి. పెడల్ నేల దాకా.
ఆరోసారికి, అలిగినట్టే, పలికింది.

సాయంత్రం షెడ్డులో
మేస్త్రి నాలుగు ప్లగ్గులూ విప్పి
పాత పేపరు మీద వరసగా పెట్టాడు.
కాటుక డబ్బీలో వేలు పెట్టినట్టు నాలుగూ.
తిట్టలేదు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
అర అంగుళం ఖాళీ పట్టి చూపించాడు,
దాన్ని మెల్లగా మూసేశాడు.

రేపు మళ్లీ ఐదున్నర.
లాగడం నాకు వచ్చు.