పేషెంట్‌కి మీరేమవుతారు

బల్లారట్ ఆస్పత్రి. జూన్ నెల. కిటికీ అద్దం మీద మంచు పొర.
నేను దుబాసీని, గంటల లెక్కన మాటలు మోస్తాను.
మంచం మీద వరహాలమ్మ, తుంటి విరిగి.
పక్క కుర్చీలో నాగభూషణమ్మ,
ఒళ్ళో ఇద్దరి చేతిసంచులూ, ఇద్దరి కళ్ళజోళ్ళూ.

"ఈవిడకి మీరేమవుతారు?"
మోయ్‌రా సిస్టర్ పెన్ను గడి మీద ఆగింది.
"వియ్యపురాల్ని" అందావిడ,
ఊరిపేరు చెప్పినంత తేలిగ్గా.

నా జేబులో ఇంగ్లీషు చిల్లర ఒక్కసారిగా అయిపోయింది.
సిస్టర్ కాదు, కజిన్ కాదు, ఆంటీ అసలే కాదు.
మంచం మీదావిడ కూతురి మొగుడికి ఈవిడ తల్లి, అన్నాను.
వాక్యం గడిలో పట్టక మార్జిన్లోకి కారింది.
"ఓ, ఇన్-లాస్!"
చట్టంలో అమ్మ, చట్టంలో అన్న, చట్టంలో చెల్లెలు...
వీళ్ళ పెళ్ళి చుట్టాలంతా
కోర్టు మెట్ల మీదే కూర్చుని ఉంటారు కాబోలు.

నాగభూషణమ్మ గొంతు తగ్గించింది.
"పిల్లలు విడిపోయారమ్మా. నాలుగేళ్ళయింది.
అదీ చెప్పాలా?"

చెప్పాను. ఏదీ దాచనని ప్రమాణం చేసినదాన్ని.
"అయితే ఔట్‌లాస్!" మోయ్‌రా నవ్వేసి, నాలిక్కరుచుకుంది.
కాసేపాగి,
"మా ఆయన మొదటి భార్య తల్లికి
ఆదివారాలు నేనే జుట్టు కత్తిరిస్తాను.
ఏమని పిలవాలో నాకూ తెలీదు. గ్లెనిస్ అంటాను."

ఆ మాటని తెలుగులోకి తేవడానికి
ఏమీ వెతుక్కోవాల్సి రాలేదు.

వియ్యం తెగాక ఏమవుతారో
నా భాషా చెప్పలేదు నాకు.
మేనత్తకీ పినతల్లికీ వేరువేరు పీటలు వేసిన భాష
ఈ ఇద్దరికీ గోడవార చోటు చూపించి ఊరుకుంది.

"ఫ్రెండ్ అని రాయనా?"
నేను నోరు తెరిచేలోపే
"ఫ్రెండా?" అన్నాయి మంచం, కుర్చీ ఒకేసారి.
"కూరలో ఉప్పు దగ్గర్నించీ కొట్టుకుంటాం, ఫ్రెండేమిటి!"
వరహాలమ్మ నొప్పికి పళ్ళు బిగించి,
"మూడున్నరకి పిల్ల బడినించి వచ్చేస్తుంది,
ఏదో ఒకటి తొందరగా రాసుకోమను.
తాళంచెవి ఈవిడ దగ్గరే ఉంది."

ఆఖరికి మోయ్‌రా
కాగితం నా వైపు వంచి, స్పెల్లింగ్ అడిగింది.
వి. ఐ. వై. వై...
పెన్ను ఆగింది. "రెండూనా?"
రెండూ, అన్నాను.