వెంట్రుకవాసి

కొత్తపేట సందులో వీరరాఘవులు కొట్టు.
రోహిణి కార్తె. కరెంటు పోయి అరగంట.
నా కుడి చెంప నున్నన,
ఎడమ చెంప మీద ఇంకా నురుగు.

ఫోను తీశాను.
విజయవాడలో వీణ నేర్చుకునే మా మేనకోడలు సింధుజ
పొద్దున పంపింది,
"తీగల మనిషివి కదా మావయ్యా, విను" అని.

సిటర్న్ అట దాని పేరు.
బొమ్మలో చూస్తే
జామకాయను నిలువునా కోసి
మెడ అతికించినట్టుంది.
నరాల తంతి కాదు, ఇత్తడీ ఇనుమూ.
ఈక మొనతో ఎవరో మీటుతున్నారు.

మొదటి మీటుకే నేను స్తంభం ఎక్కేశాను.
ముప్పై రెండేళ్లు టెలిఫోను తీగలు లాగినవాణ్ణి.
పొన్నూరు రోడ్డులో, తెల్లారగట్ల,
ఇనప స్తంభానికి చెవి ఆనిస్తే
తీగలు ఇలాగే అనేవి,
ఊళ్లో అందరూ నిద్రపోతున్నా
ఎవరిదీ కాని ఒక మాట.
ఇప్పుడంతా గాజుపోగు.
మట్టి కింద పడుకుని వెలుగు మోస్తుంది.
దానికి గాలి తగలదు, పాపం.

"ఇద్దరు వాయిస్తన్నారా సార్?"
కత్తి గాల్లో ఆగింది.
ఒక్కరే రాఘవులూ,
కాకపోతే ప్రతి తీగకీ పక్కన ఇంకో తీగ.
రెండిటిదీ ఒకే శ్రుతి.
"ఒకటే అయితే రెండెందుకు?
వెంట్రుకవాసి తేడా ఉంటది చూడండి,
ఆ తేడానే మోగేది."

వెంట్రుక సంగతి అతనికి చెప్పేదేముంది.

సింధుజ రాసిన మిగతా ముక్కా చదివాను:
నాలుగొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో
క్షౌరశాలల గోడలకి ఇది వేలాడేదట.
వంతు వచ్చేదాకా
ఎవరికి తోస్తే వాళ్లు దింపి మీటుకునేవాళ్లట.

వీరరాఘవులు నవ్వలేదు.
"అయితే వాళ్లూ మావాళ్లే" అన్నాడు.

తరవాత, కత్తి తోలు మీద నూరుతూ,
నాకు చెబుతున్నట్టు కాకుండా,
"మా నాయన సన్నాయి.
పెళ్లికొడుకు కంటే ముందు నడిచేవోడు.
విస్తరి మాత్రం అందరి తరవాత."

అద్దం పక్కన మేకుకి
అతనిదీ ఒకటుంది, మాండొలిన్.
ఏదో నాటకాల కంపెనీవాడు
బాకీ కింద వదిలిపెట్టి పోయింది.
ఎనిమిది తీగల్లో ఐదు మిగిలాయి,
ఐదోది మోపెడు క్లచ్ వైరులోంచి పీకిన పోగు.
జంటలేని ఆ తీగని
గోటితో ఒకసారి తాకాడు.
ఫోనులో పాట ఎటో పోతుంటే
ఇది ఇంకెటో పోయింది.
ఇద్దరం విననట్టు ఊరుకున్నాం.

ఇంతలో కరెంటొచ్చింది.
ఫ్యాను మూలిగి, దడదడలాడి, తిరగడం మొదలెట్టి
ఆ సన్నటి ఇత్తడిని మింగేసింది.
బెంచీ మీద ఎదురుచూసే మిరపయార్డు గుమాస్తా
"అమ్మయ్య" అని చొక్కా గుండీలు విప్పాడు.

వీరరాఘవులు వెళ్లి
స్విచ్చి ఆపేశాడు.

రోహిణి కార్తెలో, గుంటూరులో,
మధ్యాహ్నం రెండు గంటలకి.

గుమాస్తా ఏదో అనబోయి
ఎందుకో ఆగిపోయాడు.
చెమట నా చెవి వెనక నుంచి
ఒక తీగలా దిగుతోంది.
చెంప మీద నురుగు ఎండి
చిటచిటమంటోంది, అది కూడా వినబడుతోంది.