అరుగుదలకి కాస్త

మనవరాలి నోటుపుస్తకంలో ఖాళీ పేజీ.
పైన ఎర్రసిరాతో శీర్షిక:
నైతిక విలువలు, అవి ఎక్కడ లభించును?
లభించునట.
సిమెంటు బస్తా లభించినట్టు.

"తాతా, నువ్వు తూనికల ఇన్‌స్పెక్టరువి కదా, చెప్పు" అంటుంది.
ముప్పై ఒక్కేళ్ళు చేశాను.
ఫైళ్ళు ఒడియాలో, తిట్లు తెలుగులో,
సంతకం మాత్రం ఏ భాషా కాదు.

ఇనుప గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది.
అందులో సీసం పోసి
ఆ ఏటి ముద్ర గుద్దడం నా ఉద్యోగం.
కిలో అంటే కిలోయేనని
సర్కారు తరఫున ఒట్టు వేసేవాణ్ణి,
రోజుకి అరవై డెబ్భై ఒట్లు.

గుణుపురం సంత.
వంశధార మీంచి గాలి వీస్తే చింతపండు వాసన,
కొండ మీంచి వీస్తే పచ్చి పసుపు వాసన.
ఆ రెండు వాసనలూ కలిసేచోట
తాటాకు చాప మీద ఇందామి.
ముందు గంపెడు పసుపుకొమ్ములు,
వెదురు కర్రకి వేలాడే తక్కెడ,
ఒక పళ్ళెంలో
నల్లటి ఏటిరాయి.

ముద్ర ఏదీ, అన్నాను.
రాయిని తిప్పి చూపించింది,
ముద్ర అవతలి వైపు ఉందేమో
నేనే సరిగ్గా చూడలేదేమో అన్నట్టు.

జరిమానా రెండు వందలు.
రాయి జప్తు.
రసీదు మీద వేలు పెట్టింది.
సిరా కంటే ముందు
పసుపు అంటింది కాగితానికి.

ఎంత తక్కువుందో రాయాలి కదా.
సాయంత్రం ఆఫీసులో
గాజుపెట్టెలోని తక్కెడలో ఆ రాయి పెట్టాను.
కిలో మీద నలభై గ్రాములు ఎక్కువ.
పళ్ళెం తుడిచి మళ్ళీ తూచాను.
రాయి మాట మార్చలేదు.

అదే బల్ల మీద
నూకరాజు కొట్టు నుంచి తెచ్చిన కిలో గుండు.
ముద్ర నాదే.
ముద్ర పక్కనుంచి ఎవరో సన్నగా తొలిచి
మైనం కూరారు.
అరవై గ్రాములు మాయం.
నూకరాజు మనవాడే, మన భాషవాడే.
ఏటా దీపావళికి మా ఇంటికి మిఠాయి పెట్టె వచ్చేది.
కిలో పెట్టె.
దాన్ని నేనెప్పుడూ తూచలేదు.

మరుసటి సంతకి తనే వచ్చింది, రాయి కోసం.
"ఇది ఎక్కువ తూగుతోంది, ఇన్నాళ్ళూ నీకే నష్టం, తెలుసా?"
నవ్వింది.
సగం సవరలో, సగం మన మాటలో చెప్పింది:
"రాయి అరిగిపోద్ది గదా బాబూ.
మా అమ్మమ్మ ఏట్లో ఏరినప్పుడే
అరుగుదలకి కాస్త చూసి ఏరింది.
నా మనవరాలి చేతికొచ్చినా
ఎవులికీ తక్కువ పడకూడదని."

జప్తు చేసినది తిరిగివ్వకూడదు, రూలు.
ఇవ్వలేదు.
ఇచ్చానని రాస్తే ఈ కవిత బాగుండేది.
నూకరాజుకి హెచ్చరిక చేశాను,
అదీ నోటిమాటగా, టీ తాగుతూ.

రిటైరైన రోజు బీరువా సర్దుతుంటే
అడుగు అరలో కనిపించింది.
రిజిస్టరులో దాని ఎదుట "ధ్వంసము చేయబడినది."
ధ్వంసమైన రాయిని సంచిలో వేసుకుని
సంతకి వెళ్ళాను.
ఇందామి రావడం మానేసి చాన్నాళ్ళయిందన్నారు.
ఏ ఊరని అడిగితే
చేత్తో కొండ చూపించారు, మొత్తం కొండ.

ఫ్యాను గాలికి పేజీ రెపరెపలాడుతోంది.
రాయి తెచ్చి దాని మీద పెట్టమన్నాను.
రెండు చేతులతో ఎత్తింది పిల్ల,
"ఎంత బరువుంటుంది తాతా, తూచి చూద్దామా?"

ముప్పై ఒక్కేళ్ళు చేశాను.
మా ఇంట్లో
ఏనాడూ తక్కెడ లేదు.