మలిరో అని ఎవరు పిలిచారు

మలిరో అంటే మా భాషలో
చావింటి ఏడుపు.

నేను పుట్టిన రాత్రే అమ్మ పోయింది.
నా బొడ్డు కోసిన చేతులే
ఆమె కళ్ళు మూశాయి.
ఇద్దరికీ ఒకే కుండ నీళ్ళతో స్నానం.
పేరు వెతికే ఓపిక ఎవరికీ లేక
వాకిట్లో అప్పటికే వినపడుతున్న మాటనే
నాకు గుడ్డలా చుట్టారు.

పేరు పెట్టడమంటే వంక పెట్టడమేనని
నడక కంటే ముందే నాకు తెలిసింది.
మలావీ సరస్సు ఒడ్డున, రెల్లు పందిళ్ళ మీద
నేను ఆరబోసిన ఉసిపా చేపల దగ్గర
బేరానికొచ్చిన ఆడవాళ్ళు ఒక్క క్షణం ఆగి
పక్క పందిరికి జరిగేవాళ్ళు.
చేపలవే. ఎండ అదే.
కొత్త వల దించే రోజు
ఇంట్లోనే ఉండమనేది ఎలుబీ పిన్ని.
తిట్టేది కాదు,
వేడి న్సీమా ముద్ద నా చేతిలో పెట్టి మరీ చెప్పేది.
అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

ఎదురొచ్చిన ప్రతి మొహంలో
నా మొహం చూసుకునేదాన్ని.
ఒకసారి ఓడ దిగిన ఎవరో వర్తకుడు
నా పేరు తెలియక నన్ను చూసి నవ్వాడు.
ఆ నవ్వును కొంగున ముడేసుకుని
నెల రోజులు బతికాను.
అంత చవగ్గా దొరికేదాన్ని.

పంతొమ్మిదో ఏట బాప్తిస్మానికి సిద్ధమైతే
కొత్త పేరొకటి ఎంచుకోమన్నారు ఫాదర్ బొనొంగ్వె.
పిన్ని ముందే ఎంచి ఉంచింది: ఫెలిస్టస్.
ఆనందమని అర్థమట.
వారం రోజులు ఒంటరిగా ఉన్నప్పుడల్లా
ఆ పేరు తొడుక్కుని చూశాను.
బాగానే ఉంది.
కానీ అదీ ఊరి కళ్ళ కొలతకి కుట్టించిన గౌనే.

ముందు రాత్రి నిద్ర రాలేదు.
సరస్సు మీద వేట పడవల లాంతర్లు
దూరంగా మరో ఊరు వెలిసినట్టున్నాయి.
ఆదివారం చదివిన భాగమే మనసులో తిరిగింది.
తెల్లవారకముందే సమాధి దగ్గర ఏడుస్తున్న ఆమె
ఆయన్ని తోటమాలి అనుకుంది కదా,
ఆయన ఏ రుజువూ చూపించలేదు కదా,
పేరు పెట్టి పిలిచాడంతే.
కొత్త పేరు కాదు.
ఏడు దయ్యాల మనిషని
నలుగురి నోళ్ళలో నానిన ఆ పాత పేరే.
ఆమె గిరుక్కున తిరిగింది.

మర్నాడు నడుములోతు నీళ్ళు.
"పేరు?" అన్నారు ఫాదర్.
ఒడ్డున పిన్ని పెదాలు నాకోసం కదిలాయి.
"మలిరో."
సరస్సు మీద ఈగల మబ్బు లేచినట్టు
గట్టంతా గుసగుస.
ఫాదర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు,
తడి చేత్తో తుడిస్తే ఇంకా మసకబారాయి.
"అది చావు పేరమ్మా."
"మీరు నన్ను ముంచేది అందుకే కదా ఫాదర్."

ఆయన ఇంకేమీ అనలేదు.
తల మీద నీళ్ళు మూసుకున్నాయి.
అడుగున ఎవరి మాటా వినపడదు.
ఎవరో పిలిచారని నేను చెప్పను,
విన్నది చెవుల్లో హోరే.
కానీ పైకి లేచి, ఊపిరి కూడా తీసుకోకముందే,
వెనక్కి తిరిగి చూశాను.
పిలుపు అందిన మనిషి తిరిగినట్టే తిరిగాను.

ఆ నెల కొత్త వల దించినప్పుడు
నేనూ ఒడ్డుకి వెళ్ళి నిలబడ్డాను.
చేపలు సగమే పడ్డాయి.
మలిరో వచ్చింది కదా, అన్నారు.
ఇదివరకైతే అవునేమోనని
చీకటంతా లెక్క చూసుకునేదాన్ని.
ఆ రాత్రి పడుకున్నాను.
నిద్ర పట్టింది.

"మలిరో, ఎండెక్కింది, చేపలు తిరగెయ్యి,"
పిన్ని బయటి నుంచి కేకేసింది.
"ఆఁ," అన్నాను.