అందించని మాట

యూనియన్ హాల్లో, పరదా వెనక,
నూనె డబ్బా బోర్లేసుకొని కూర్చున్న.
బల్లార్షా కాగితం మిల్లు వాసన కిటికీలకెళ్ళి వస్తుంది.
చేతిల కాపీ. మాట అందించుడు నా పని.

నాటకం వాళ్ళది.
సముద్రాల అవతల ఇరుకు గదుల నల్లోళ్ళది.
పరాయి బట్టలు ఉతికే తల్లి, లిఫ్టు నడిపే కొడుకు,
ఎప్పుడో ఒకనాడు అనుకుంట బతికే బిడ్డ.
హిందీల దొరికితే పోచమల్లు సారు తెలుగు చేసిండు.
తెలుగు బడి మూతపడ్డంక పుట్టినోళ్ళం,
మాకు ఆ అక్షరాలు రావు.
తెలుగు మాటల్నే మళ్ళా మరాఠీ అక్షరాల్ల రాసిచ్చిండు.
ఇన్ని చేతులు మారినా
"వచ్చే ఏడు చూద్దాం బిడ్డా" అన్న మాట మాత్రం
చిరగకుండ మా దాకా వచ్చింది.

మొదటి రోజు ఎవడో దీపం మసి తెచ్చిండు, మొఖాలకు పూసుకుందామని.
సారు గిన్నె గుంజుకొని బయట పారబోసిండు.
"వాళ్ళ కథ రంగు కాదురా పూసుకునేందుకు.
బరువు. భుజం పెట్టుండ్రి."
సాస్తి గనిల బొగ్గు దుమ్ము మింగినోళ్ళ పిల్లలం.
ఎవ్వరం మాట్లాడలే.

కొడుకు వేషం మా అన్నది. ఓదెలు.
అడిగి మరీ తీసుకున్నడు.
ఎందుకని ఇంట్ల ఎవ్వరం అడగలే.

నాటకంల కొడుకు తల్లి కుట్టుమిషను అమ్ముకుంటడు.
మా ఇంట్ల మిషను లేకుండె.
నాయిన గ్రాట్యుటీ ఉండె.
వాంఖడేతోని పొత్తుల టిప్పరన్నడు అన్న.
ఆర్నెల్లకు టిప్పరూ లేదు, వాంఖడే నంబరూ లేదు.
చంద్రాపూర్ నర్సింగు కాలేజి ఫారం
నింపింది నింపినట్టే, ఫోటో అతికింది అతికినట్టే.
అవ్వ దాన్ని రేషన్ కార్డు కవర్ల దోపి
"ఈ ఏడు కాకుంటే" అన్నది.
మిగతా ముక్క మింగింది.
నేను అరవలే.
అప్పట్నుంచి అన్నకు నాకు రెండే మాటలు:
అన్నం తిన్నవా. తలుపేసుకో.

మూడో రంగం.
ఖాళీ బల్ల. మిషను కూచున్న జాగల
దుమ్ము పట్టని నలుచదరం.
అన్న దాని ముందర నిలబడ్డడు.
ఇక్కడ అనాలె: "అమ్మా, నేనే అమ్మిన."
మూడే మాటలు.
అనలే.

ఫ్యాన్ల చప్పుడు.
వెనక ఎవలదో పిల్ల దగ్గింది.
స్టేజీ మీద తులసక్క బట్టల గంప దించకుండ అట్లనే నిలబడింది.
అన్న పరదా దిక్కు చూసిండు. నా దిక్కు.
మాట నా వేలు కిందనే ఉంది.
వేలు తియ్యలే.

కోపం కాదు అని రాస్తే అబద్ధం.
కోపమే.
ఆ ఒక్క మాటన్న ఎవ్వరూ అందియ్యకుండ
వాని నోట్లెకెళ్ళి రావాలె.

ముందటి వరసల కుర్చీ కిర్రుమన్నది.
మా అవ్వ.
"నాకెప్పుడో తెల్సు కొడుకా.
చెల్లె దిక్కు తిరిగి చెప్పు."

నాటకంల ముక్కే అనుకున్నరు జనం. ఒకడు ఈల కూడ ఏసిండు.
అన్న తిరిగిండు.
జనానికి వీపు పెట్టొద్దని సారు నెల రోజులు మొత్తుకున్నడు,
అయినా పెట్టిండు.
చెప్పిండు.
కాపీల ఉన్న మాట కాదది.
ఇక్కడ రాయను.

తర్వాతి రెండు రంగాలు ఒక్క అక్షరం పోకుండ అందించిన.

ఇంటికి పోతుంటే రైలు గేటు పడింది.
అన్న నెత్తి మీద కిరాయి బల్ల.
"ఫీజెంతుండె?" అన్నడు.
చెప్పిన.
"అది పోయిన ఏటిది గద" అన్నడు.
"ఈ ఏటిది తెల్వదు" అన్న.

బొగ్గు రేకు పోతనే ఉంది.
చిన్నప్పటి లెక్కనే ముగ్గురం డబ్బాలు లెక్కబెట్టినం.
నాకు యాభై తొమ్మిది.
అన్నకు యాభై ఎనిమిది.
అవ్వ, మధ్యల ఎక్కడ ఆగిందో, ఎంతన్నది చెప్పలే.
గేటు లేసింది.