మెల్లగా దించు

హనుమంతవాక దాటాక ఆటో ఆగింది.
చిల్లర లెక్కపెడుతూ నాన్న అడిగాడు:
"ఆఫ్రికా ఇదేనా?"
"ఇదే బావూ. ఐదింటికి మూసేస్తారు."

గేటు దగ్గర నీళ్ల సీసా ఉంచుకోనిచ్చారు,
జంతికల పొట్లం లాగేసుకున్నారు.
బొటనవేలు భుజం మీదుగా వెనక్కి ఊపాడు నాన్న,
ఇంటికి పోదాం పద అని.

మా ఇంట్లో మాటలకన్నా వేళ్లు ఎక్కువ.
ముప్ఫై ఒక్క ఏళ్లు హార్బర్లో క్రేను నడిపిన చెవుల్లో
ఇంజను ఇంకా ఆగలేదు.
ఫ్యాను తగ్గించాలంటే
అరచెయ్యి నేలవైపు తిప్పి వేళ్లు ఆడిస్తాడు.
అమ్మ పోయిన రాత్రి కేజీహెచ్ వరండాలో
రెండు చేతులూ బార్లా చాపి నిలబడిపోయాడు.
నర్సులు పక్కనుంచి తప్పుకుని వెళ్లారు.
ఆ సైగ నాకొక్కదానికే తెలుసు:
ఆపు. ఎక్కడిదక్కడ ఆపు.

రిజర్వాయరు అంచున ఎర్రమట్టి బాట.
కొండకి అవతలెక్కడో సముద్రం,
కనపడదు, పెదాల మీదికి ఉప్పై వస్తుంది.
జీబ్రాలు మేస్తున్నాయి.
దగ్గరికెళ్తే వాటి తెలుపు తెలుపు కాదు,
మన మట్టే పూసుకున్నాయి.
పిల్లదానికి చారలు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి.
"పెయింటు ఆరలేదు" అన్నాడు నాన్న.
నిప్పుకోడి ఒకటి అతని చొక్కా గుండీ మీద కన్నేసి
కరెంటు బిల్లు మనిషిలా వెంటబడింది.

నాన్న ఎరిగిన ఆఫ్రికా
ఓడల వెనకవైపు రాసి ఉండేది.
మొంబాసా. బైరా. డర్బన్.
తుప్పు కారిన తెల్లక్షరాలు.
పైన అద్దాల గదిలో కూర్చుని
డెక్కు మీద వాళ్లు ఆరేసుకున్న చొక్కాలు చూసేవాడు.
ఒకసారి ఒక నావికుడు కిందనుంచి చెయ్యి ఊపాడట.
ఇతను హుక్కు ఊపాడు.
ఆ నెల జీతంలో కోత.

చెరువు మలుపులో
చింతచెట్టు మీదనుంచి తల ఒకటి ఇటు తిరిగింది.
నాన్న ఆగిపోయాడు.
పాదాలనుంచి కొమ్ములదాకా కొలిచాడు,
బరువెంతో, వాలెంతో, గాలెటుందో.
"బూము మంచిదే" అన్నాడు.

సుబాబుల్ కొమ్మలు మోసుకొచ్చాడు గౌరునాయుడు,
బొబ్బిలి దగ్గరి మనిషి, ఖాకీ నిండా ఆకు పసరు.
"బయపడకండి, ఏటీ సెయ్యదు.
దీని తాతలది ఆఫ్రికా గానీ
ఇది ఆఫ్రికా ఎరగదు బావూ.
కమాన్ అంటే రాదు,
రాయే సిన్నీ అంటే వస్తాది."
ఒక కొమ్మ నాన్న ఎడంచేతిలో పెట్టాడు.

నాన్న పిలవలేదు.
కుడిచెయ్యి ఎత్తాడు.
అరచెయ్యి నేలకి తిప్పి, వేళ్లు ఆడించాడు.
మెల్లగా, మెల్లగా దించు.

ముప్ఫై ఒక్క ఏళ్లు
ఎవరో కిందనుంచి చేస్తే పైనుంచి చూసిన సైగ.
ఇప్పుడు నేల మీద నిలబడి అతను చేస్తుంటే
అంత ఎత్తునుంచి అంత మెడ
ఒక్క కుదుపు లేకుండా
దిగింది.

కొమ్మ కోసమే దిగిందని
నాకు తెలుసు, గౌరునాయుడికి తెలుసు.
ఇద్దరం చెరువువైపు చూశాం.

నేరేడుపళ్లు తిన్న పిల్లాడి నాలుక దానికి.
ఆకులన్నీ దూసుకుంది,
ఇంకేమైనా ఉందా అని
నాన్న కుడి అరచెయ్యంతా వెతికింది.
రెప్పలు అంతంత పొడుగు.
నాన్న ఏదో అన్నాడు దాని చెవిలో.
గట్టిగా మాట్లాడే మనిషి,
అయినా నాకు వినపడలేదు.

ఐదింటికి విజిల్ వేశారు.
నాన్నకి వినపడలేదు.
నాకు వినపడింది, చెప్పలేదు.

గేటు దగ్గర జంతికల పొట్లం తిరిగిచ్చారు.
నాలుగైదు తక్కువున్నాయి.
నాన్న తగువు పెట్టుకోలేదు.
బస్సులో కిటికీ పక్కన కూర్చుని
జన్మలో మొదటిసారి
ఎడంచేత్తో తిన్నాడు.
కుడిచెయ్యి మోకాలి మీద వెల్లకిలా పెట్టి ఉంది,
తడి ఆరిపోకుండా.